ఎర్ర రంగు వినపడదు

ఆదివారం మధ్యాహ్నం. పత్రికాఫీసులో ఏళ్ల తరబడి పేజీల్లో వార్తలూ బొమ్మలూ అమర్చే పని చేసి రిటైరైన తండ్రి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చూపు పూర్తిగా పోయిన కూతురు చాలా రోజుల తర్వాత ఇంటికొచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. తల్లి వంటింట్లో ఉంది.

“ఒక్క వాక్యం చాలమ్మా. ‘నాకు చూపు లేదు, అయినా ఈ వ్యాసం హాయిగా చదువుకున్నాను’ అని. నీ పేరు మీద. అంతే.”

“ఎక్కడ రాయాలి?”

“ప్రతి వ్యాసం వెనకాలా చర్చా పేజీ ఒకటి ఉంటుంది. అక్కడ. నేను టైపు చేస్తాను, నువ్వు ఊఁ అను చాలు.”

“ఊఁ అనే ముందు గొడవేంటో చెప్పు నాన్నా. ఫోన్లో అమ్మ ఏదో చెప్పింది గానీ నాకేం అర్థం కాలేదు.”

“మీ అమ్మకే అర్థం కాలేదు. ఇంక నీకేం చెబుతుంది.”

“నాకు శుభ్రంగా అర్థమైందండీ. అదేదో నెట్లో అందరూ కలిసి రాసే పుస్తకం, అందరూ కలిసి చెరిపే పుస్తకం. మీరు పొద్దున పెట్టింది సాయంత్రానికి ఇంకొకరు తీసేస్తారు. మీరు మళ్లీ పెడతారు. నేను కంచం ముందు పెట్టుకుని కూర్చుంటాను.”

“నువ్వు వంటింట్లోంచి వ్యాఖ్యానాలు చెయ్యకు. విను చిట్టీ. రేచీకటి మీద వ్యాసం ఇది, మెల్లమెల్లగా చూపంతా పోయే రకం మీద. నేను ముట్టుకోకముందు ఎలా ఉండేదో తెలుసా? నాలుగు ముక్కలు, గోనెసంచి బోర్లించినట్టు. నీకొచ్చిన జబ్బు గురించి మన భాషలో ఒక్క మంచి పేజీ లేదు. అందుకని కూర్చున్నాను. బొమ్మలు వేశాను, కాలమ్‌లు కట్టాను, రంగులు పెట్టాను. ఇప్పుడు చూస్తే ఆదివారం అనుబంధంలో మధ్య పేజీలా ఉంటుంది.”

“ఊఁ.”

“మొదటి పేజీలో వేస్తామన్నారు. లోపలికి వచ్చే ప్రతివాళ్లకీ ముందు అదే కనపడుతుంది. అందరూ సరేనన్నారు, ఒక్క గడ్డిపువ్వు తప్ప.”

“ఎవరు?”

“గడ్డిపువ్వు. అక్కడ ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకుంటారు. ఆడో మగో కూడా తెలీదు.”

“మరి నీ పేరేంటి అక్కడ?”

“నా పేరు ఎందుకిప్పుడు.”

“నేను చెబుతానే, పేజీల మేస్త్రి.”

“నిన్ను అడిగారా?”

“అమ్మ చెబితే తప్పేంటి నాన్నా. బాగుంది. సరే మేస్త్రిగారూ, గడ్డిపువ్వు ఏమంటోంది?”

“చదువుతా విను. ‘మేస్త్రిగారి శ్రమ గొప్పది. కానీ ఈ వ్యాసం ఎవరికి అవసరమో వాళ్లే దీన్ని చదవలేరు. బొమ్మలకి మాటల్లో వివరణ లేదు. రంగు మీద అర్థం నడుస్తోంది. పాఠం వెడల్పు కట్టేసి ఉంది, తెర ఎంత పెద్దదైనా నడుమ సన్నగా పట్టీలా ఉంటోంది. ఈ మూడూ సరిచేసే దాకా నేను ఒప్పుకోను.’ చూశావా? ఒప్పుకోదట. నా కూతురికే చూపు లేదు, నాకు చెబుతోంది చూపులేని వాళ్ల సంగతి.”

“మర్యాదగానే రాసింది కదా.”

“మర్యాద సంగతి కాదు. నేను పెట్టడం, తను తీసెయ్యడం. నేను కట్టడం, తను విప్పడం. పెద్దవాళ్లెవరో మధ్యలోకి వచ్చి, ఇద్దరూ ఆగండి, చూపు లేనివాళ్లెవరైనా చదివి చెబితే దాన్ని బట్టి చూద్దాం అన్నారు. నాకు ఇంట్లోనే సాక్షి ఉందన్నాను. రాయనా మరి?”

“కాసేపాగు.”

“ఎందుకు?”

“కాఫీ తాగనీ. అమ్మా, కాఫీ అయిందా?”

“అయింది, ఇదిగో. చెయ్యి చాపు. వేడిగా ఉంది, అంచు పట్టుకో. ఏవండీ, మీ గ్లాసు మౌసుకి ఇవతల పెట్టాను.”

“కనపడుతోందిలే.”

“ఊరికే చెప్పాను.”

“అమ్మా, బస్టాపు దాకా నువ్వెందుకు వచ్చావు ఇవాళ? ఎండలో నడిచి. ఇదివరకు నేను బస్సు దిగేసరికి నాన్న స్కూటరు చప్పుడు వినపడేది.”

“స్కూటరు రిపేరు.”

“అమ్మేశారు కదండీ.”

“రిపేరుకొచ్చిందని అమ్మేశాను. ప్రతిదానికీ మాట మీద మాట. చిట్టీ, కాఫీ తాగుతూ చెప్పు. విన్నావా అసలు వ్యాసం? లింకు పంపాను కదా.”

“విన్నాను.”

“ఎప్పుడు?”

“నువ్వు పంపిన రోజే. రేడియో స్టేషన్నుంచి హాస్టలుకి వెళ్తూ, బస్సులో.”

“మరి ఒక్క ముక్క చెప్పలేదే. ఎలా ఉంది?”

“బాగుంది.”

“బాగుంది అంటే?”

“బాగుంది అంటే బాగుంది నాన్నా.”

“చిన్నప్పుడు లెక్కల్లో తప్పినప్పుడు కూడా ఇలాగే అనేదానివి, పరీక్ష బాగుంది అని.”

“సరే. ఫోను తీస్తున్నాను. నాకు ఎలా వినపడిందో నువ్వూ విను. కొంచెం వేగం తగ్గిస్తా, నీకు అలవాటు లేదు కదా. ఇదిగో, ఇది ఫోను గొంతు.”

“‘రేచీకటి. చిత్రం. చిత్రం. చిత్రం. చిత్రం. పట్టిక మొదలు...’”

“ఆగాగు. ఆ నాలుగు చిత్రాలూ ఏంటి?”

“నువ్వు పెట్టిన బొమ్మలు. అందులో ఏముందో దానికి తెలీదు. బొమ్మ ఉందని మాత్రం తెలుసు. తలుపు కొట్టి, లోపల ఎవరో ఉన్నారు అని చెప్పి వెళ్లిపోయినట్టు.”

“బుద్ధిలేని యంత్రం.”

“దానికి బుద్ధి మనం ఇవ్వాలి. ఇంకా విను.”

“‘పట్టిక మొదలు. రేచీకటి ఆకుకూరలు తినకపోవడం వల్లే వస్తుంది. ఇది ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లు చదివినకొద్దీ చూపు తొందరగా పోతుంది, కాబట్టి చదువు మాన్పించాలి. రేచీకటి ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదు. పిల్లల్ని కనకూడదు...’”

“ఆపు.”

“ఆపాను.”

“అది... అది నేను రాసింది కాదు. అంటే, రాశాను. కానీ అవి జనం అనుకునే తప్పులమ్మా. ఎడమ కాలమ్‌లో తప్పులు, కుడి కాలమ్‌లో నిజాలు. పక్కపక్కన. ఎవరు చూసినా ఇట్టే తెలిసిపోతుంది.”

“ఎలా తెలుస్తుంది?”

“తప్పులన్నీ ఎర్ర రంగులో పెట్టాను.”

“ఎర్ర రంగు వినపడదు నాన్నా.”

“...పైన చిన్న గుర్తు కూడా పెట్టాను. ఎర్ర చుక్క తప్పు, పచ్చ చుక్క ఒప్పు.”

“గుర్తు అంటే మాటలా, బొమ్మా?”

“బొమ్మ.”

“అదే ఆ నాలుగో చిత్రం.”

“హెడ్డింగులు పెడితే పేజీ బరువెక్కుతుందని తీసేశాను. ఎడమది అయ్యాక కుడిది వస్తుంది కదా? అక్కడ అన్నీ నిజాలే. పెళ్లి చేసుకోవచ్చు, డాక్టరు సలహాతో పిల్లల్ని కనొచ్చు, అన్నీ వరసగా రాశాను. నువ్వు కుడిది కూడా విన్నావు కదా?”

“లేదు.”

“ఎందుకు?”

“పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఇయర్‌ఫోన్లు తీసేశాను.”

“చిట్టీ.”

“బస్సు నిండా జనం. ఎక్కడికి పోతాను? కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.”

“నేను అలా అనుకుంటానని నువ్వు ఎలా అనుకున్నావు?”

“అనుకోలేదు మొదట. మా నాన్న పంపాడు, మా నాన్న రాశాడు, ఎక్కడో పొరపాటు ఉండుంటుంది అనుకున్నాను. తర్వాత హాస్టలుకెళ్లి పడుకుంటే ఇంకోలా అనిపించింది. నువ్వు బస్టాపుకి రావడం మానేశావు. ఫోను చేస్తే నాలుగు మాటలు మాట్లాడి అమ్మకి ఇచ్చేస్తున్నావు. ఇంటికొస్తే ఈ గదిలోంచి బయటికి రావు. మొహం మీద చెప్పలేక లింకు పంపాడేమో అనుకున్నాను.”

“అందుకేనా ఇన్నాళ్లూ రాలేదు?”

“షిఫ్టులు కూడా ఉన్నాయిలే.”

“షిఫ్టులు ఉన్నాయని అమ్మకి చెప్పు, నాకు చెప్పకు.”

“అందుకే రాలేదు.”

“...పెళ్లి మాట అంత గుచ్చుకుందంటే, ఎవరన్నా ఉన్నారా చిట్టీ?”

“ఎవరూ? ఎవరున్నారు?”

“అమ్మా, నువ్వు ఇంకా గుమ్మంలోనే ఉన్నావా? దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇది కానీ.”

“తర్వాత అంటే ఇవాళేనా?”

“ఇవాళేనమ్మా. రాత్రి భోజనాల దగ్గర. నువ్వు వెళ్లు.”

“వెళ్తాను, వెళ్తాను. మంచివాడేనా, అది చెబితే వెళ్తాను.”

“మైకు ముందు పాటలు పరిచయం చేస్తాడు. నా కన్నా ఎక్కువ వాగుతాడు. చాలా?”

“ఈ ఇంటికి అదొకటే తక్కువైంది. సరే.”

“నాన్నా, ఏం చేస్తున్నావు? కీబోర్డు అలా బాదుతున్నావేంటి?”

“తీసేస్తున్నాను. ఆ ఎర్ర కాలమ్ ఉంది చూడు, మొత్తం తీసేస్తున్నాను. నాకు వద్దు ఆ దరిద్రం.”

“తీసెయ్యకు. అది ఉండాలి. జనం నిజంగానే అలా అనుకుంటారు, అది తప్పని ఎవరో ఒకరు చెప్పాలి కదా. ప్రతి దాని ముందూ ‘అపోహ’ అని పెట్టు. దాని కిందనే ‘నిజం’ అని పెట్టి ఆ నిజం రాయి. పక్కపక్కన కాదు, ఒకదాని కింద ఒకటి.”

“రంగులు?”

“రంగులు ఉంచుకో. చూసేవాళ్లకి అందంగా ఉంటుంది. నాకు మాట ఉంటే చాలు.”

“అపోహ... నిజం. అపోహ... నిజం. ఇలాగైతే పేజీ పొడుగైపోతుంది, తోకలా.”

“పొడుగైతే ఏం? ఇది కాగితం కాదు కదా, కింద అంచు తగలడానికి.”

“ముప్పై ఏళ్లు ఆ అంచు చూసుకునే బతికానమ్మా. ఒక్క లైను ఎక్కువైతే ఎడిటర్ని అడిగి మరీ కోసేవాణ్ణి. ఇదిగో, అయింది. వినిపించు.”

“‘అపోహ. రేచీకటి ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదు. నిజం. ఈ జబ్బు పెళ్లికి అడ్డం కాదు. జబ్బు వంశంలో పిల్లలకి ఎలా దిగుతుందో డాక్టరుతో మాట్లాడి...’”

“చాలు, ఆపెయ్. ఇంక బొమ్మలు. వీటికి మాటలు ఎలా పెట్టాలి?”

“బొమ్మ వెనకాల ఖాళీ ఒకటి ఉంటుంది, వివరణ రాయడానికి. పైకి కనపడదు, ఫోను గొంతు మాత్రం చదువుతుంది. నాకు చెప్పు, ఏముందో. నేను చిన్న వాక్యం చేసి ఇస్తాను. రేడియోలో రోజూ చేసేది అదే.”

“మొదటిది కన్ను లోపలి భాగాలు.”

“అది తేలిక. రెండోది?”

“రెండోది వీధి. జబ్బు లేనివాళ్లకి ఎలా కనపడుతుందో. పొద్దు గూకే వేళ, దుకాణాలు, సైకిలు మీద ఒకతను, పక్కన కాలవ.”

“మూడోది?”

“అదే వీధి. జబ్బు ఉన్నవాళ్లకి. మధ్యలో చిన్న గుండ్రం, అందులో సైకిలు చక్రం. అంతే.”

“చుట్టూ నలుపా? మా డాక్టరు దగ్గర గోడ మీద ఉండేది అలాంటిది, అమ్మ చెప్పింది. గొట్టంలోంచి చూసినట్టు, చుట్టూ నల్లగా.”

“నలుపు కాదు. అందరూ అలాగే వేస్తారు, తప్పు. చుట్టూ నలుపు ఉంటే బాగుండును, అక్కడ ఏదో పోయిందని తెలిసేది. అక్కడ ఏమీ ఉన్నట్టే ఉండదు. వీధి అంతే ఉందనిపిస్తుంది. కాలవ ఉందని కాలు పడ్డాకే తెలుస్తుంది.”

“...ఇది ఎక్కడ చదివావు?”

“ఎక్కడో. పుస్తకాల్లో.”

“పుస్తకాల్లో ఉండదు నాన్నా. నేను ఎంతమంది డాక్టర్లకి చెప్పాలని చూశానో, ఈ నలుపు కాదండీ అని. మాటలు దొరికేవి కావు.”

“నువ్వే ఎప్పుడో చెప్పుంటావు. చిన్నప్పుడు.”

“నేను చెప్పలేదు.”

“అయితే నేనే ఊహించుంటాను. బొమ్మలు వేసేవాణ్ణి, ఊహించలేనా? రాయి, రాయి, ‘మధ్యలో గుండ్రం, అందులో సైకిలు చక్రం’. అయిపోయింది కదా. గడ్డిపువ్వు అడిగినవి రెండూ చేశాం. ఇంక నోరెత్తదు.”

“మూడు అడిగింది.”

“మూడోది కుదరదు.”

“ఏది, వెడల్పేనా? అది అన్నిటికన్నా తేలిక. కట్టేసింది విప్పడమే కదా.”

“విప్పను.”

“ఎందుకు?”

“పత్రికలో కాలమ్ ఎందుకు సన్నగా ఉంటుందో తెలుసా? కన్ను అలసిపోకుండా. పెద్ద పెద్దవాళ్లు ఆలోచించి పెట్టిన పద్ధతి అది.”

“ఫోన్లో చూసేవాళ్లకి పక్కకి పోతోందట, అక్షరాలు పెద్దవి చేసుకుంటే సగం తెగిపోతోందట. చర్చా పేజీలో రాశారు చూడు, గడ్డిపువ్వు కాదు, ఇంకో ఇద్దరు. నా చెవిలో ఫోను ఇప్పుడే చదివింది.”

“చూపు అసలు లేనివాళ్లకి వెడల్పుతో పనేంటి? నీకేమన్నా అడ్డమా? నీకు అడ్డం లేనప్పుడు ఇంకెవరికి? సగం చూపు మిగిలినవాళ్లు ఉంటారు, వాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. వాళ్లకి ఇలా ఉంటేనే నయం.”

“వాళ్లెవరు?”

“ఎవరో ఒకళ్లు.”

“ఎవరన్నా వచ్చి చెప్పారా, చర్చలో?”

“చెప్పుకోవాలా అందరి ముందూ? ఎవరి బాధ వాళ్లది.”

“కోపమెందుకు నాన్నా? ఒక్కసారి విప్పి చూద్దాం. నచ్చకపోతే మళ్లీ కట్టెయ్. నువ్వు కట్టేసిన ఆ వెడల్పు సంఖ్య ఎక్కడుందో నా ఫోనులో వినపడింది, నేనే తీసేస్తున్నాను.”

“వద్దన్నానా.”

“తీసేశాను. నీ తెర మీద మళ్లీ తెరువు. పరుచుకుందా?”

“పరుచుకుంది.”

“ఎలా ఉంది?”

“బాగానే ఉంది.”

“బాగానే ఉందంటే? చదువు. లక్షణాలు అని ఉంటుంది చూడు, ఆ పేరా. పైకి చదువు, వింటాను.”

“నీ ఫోను చదువుతుంది కదా.”

“నీ గొంతుతో వినాలనుంది.”

“...‘పొద్దు వాలాక దారి పోల్చుకోలేకపోవడం ఈ జబ్బు మొదటి గుర్తు. చాలామంది దీన్ని అలసట... అలసట... పిల్లలకు కూడా పరీక్ష చేయించాలి.’ కాదు, ఆగు. ‘చాలామంది దీన్ని అలసట... కళ్లజోడు మార్చినా ఫలితం...’ ఇదేదో మధ్యలో పోయింది. టైపింగులో తప్పు ఉన్నట్టుంది.”

“తప్పు లేదు. ‘చాలామంది దీన్ని అలసట అనుకుని ఏళ్లు గడిపేస్తారు.’ నా ఫోను చదివింది.”

“తెర మీద వెలుగు పడుతోంది, కిటికీలోంచి.”

“అమ్మ ఇందాకే కర్టెన్ వేసింది. చప్పుడు విన్నాను.”

“కళ్లజోడు మార్చాలి. పాతబడింది.”

“నాన్నా, కాలేజీలో ఉన్నప్పుడు నేను ఇలాగే చదివేదాన్ని. లైను చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చేసరికి కింద లైను దొరికేది కాదు. ఏదో ఒకటి పట్టుకుని చదివేసేదాన్ని. క్లాసులో అందరూ నవ్వేవాళ్లు. నువ్వు స్కేలు కొనిచ్చావు, లైను కింద పెట్టుకోవడానికి.”

“గుర్తులేదు.”

“లేదా?”

“...గుర్తుంది.”

“ఇప్పుడు ఒక పని చెయ్. పేజీని వదిలెయ్, తెర మీద ఆ పేజీ ఉన్న కిటికీ, అదే విండో, దాని అంచు పట్టుకో. మౌసుతో. లోపలికి లాగు. ఇంకా. నీకు సరిపోయేదాకా లాగు. సన్నబడిందా?”

“సన్నబడింది.”

“చదువు.”

“‘పొద్దు వాలాక దారి పోల్చుకోలేకపోవడం ఈ జబ్బు మొదటి గుర్తు. చాలామంది దీన్ని అలసట అనుకుని ఏళ్లు గడిపేస్తారు. కళ్లజోడు మార్చినా ఫలితం ఉండదు.’ ...ఇలా లాగొచ్చని ఎవరూ చెప్పలేదే.”

“ఎవరి కిటికీ వాళ్లు లాక్కోవచ్చు. నీకు సన్నగా, ఫోనువాళ్లకి ఫోనంత. గడ్డిపువ్వుతో గొడవ పడక్కర్లేదు. పేజీ అందరిదీ, కిటికీ నీది.”

“మా రోజుల్లో ఒకటే కాగితం. అందరికీ అంతే. ఎవరి కంటికి ఆనకపోయినా అంతే.”

“అవును. నాన్నా, స్కూటరు ఎందుకు అమ్మేశావు?”

“చెప్పానుగా, రిపేరు.”

“సాయంత్రాలు బయటికి వెళ్తున్నావా?”

“ఎక్కడికి వెళ్లాలి నాకు. ఇక్కడే బోలెడు పని.”

“ఏవండీ, చెప్పండి. నేను ఇంక నోరు కట్టుకుని ఉండలేను. కాలవలో కాలు పడి, పాదం బెణికి, కట్టుతో పడుకున్న మనిషి, కూతురు ఫోను చేస్తే బాగానే ఉన్నానంటారు.”

“చిట్టి నిన్ను వెళ్లమందా లేదా.”

“అమ్మని ఏమీ అనకు. ఎందుకు చెప్పలేదు నాకు?”

“ఏం చెప్పను? నీకు ఎక్కడినుంచి వచ్చిందో ఇన్నాళ్లూ ఎవరికీ తేలలేదు. తేలకపోతేనే బాగుండుననుకున్నాను. నాకు ఇంత ఆలస్యంగా బయటపడుతుందని... వదిలెయ్. నీ కళ్లు అప్పుడే పోయాయి. నావి ఇప్పుడు పోతే ఏం, ముసలాణ్ణి.”

“నేను దాని గురించి అడగలేదు నాన్నా. డాక్టరు దగ్గరికి రేపు మనం ముగ్గురం వెళ్తున్నాం. నాకు సెలవుంది. లేకపోయినా పెడతాను. ఇప్పుడు కుర్చీ ఇటు తిప్పు. నాకు ఎదురుగా. తిప్పావా?”

“తిప్పాను.”

“నా వైపే చూస్తున్నావా?”

“చూస్తున్నాను.”

“నాకు ఒక్కటే చెప్పు. అబద్ధం చెబితే గొంతులో తెలిసిపోతుంది, నా పనే అది. ఇంత దగ్గర్లో కూర్చున్నాను. ఎంతవరకు కనపడుతున్నాను?”

“...ముఖం మొత్తం కనపడుతోందమ్మా. చెవులు కనపడడం లేదు.”